ఫ్లాష్ కాస్త ఆపుదామా!

పెళ్ళి కుదిరిందంటే ఇప్పుడు ముహూర్తం తర్వాత మొట్టమొదట మాట్లాడుకునేది వంటవాళ్ళని కాదు, ఫోటోగ్రాఫర్ని! పెళ్ళికి ముందో షూటింగు, పెళ్ళిరోజున ఫోటోలకి ఇద్దరు, వీడియోకి ఇద్దరు, నెత్తిమీద తిరగడానికో డ్రోను, రిసెప్షన్‌నాడు వేదిక వెనకాల గోడంత ఎల్‌ఈడీ తెర. అమ్మాయి తండ్రి అప్పో సప్పో చేసి ఇవన్నీ అమరుస్తాడు. ఇంత హంగామా ఉన్నాక ఇక స్నేహితురాళ్ళం మనం ఫోటోలు తీయాల్సిన అవసరం ఏముంది? అయినా ఊరుకుంటామా! చేతిలో ఫోను ఉంటుంది, ఎదురుగా పెళ్ళికూతురు ఉంటుంది. వేదిక ముందు పదిమంది చేరి చేతులు పైకెత్తి టకటకా ఫ్లాష్‌లు కొట్టడమే. తీరా ఇంటికెళ్ళి చూసుకుంటే ముందు నిలబడినవాళ్ళ జడలు ధగధగా మెరుస్తుంటాయి, పెళ్ళికూతురు మాత్రం ఎక్కడో దూరాన బొమ్మలకొలువులో బొమ్మలా కనిపిస్తుంది. నలభై తీస్తే నాలుగైనా దాచుకోబుద్ధి కాదు.

అలాగని ఫోన్లు సంచుల్లో పెట్టేసుకుని కూర్చోండని నేను చెప్పబోవడం లేదు. స్నేహితురాలి రిసెప్షన్లో మనం ఫోటోలు తీయాలి. తప్పకుండా తీయాలి. కానీ వేదిక మీదవి కాదు. ఫ్లాష్‌తో అసలే కాదు. వేదిక మీదకి వెలుగును డబ్బిచ్చి తెప్పించారు, దాన్ని చూసుకోవడానికి మనుషుల్నీ పెట్టారు. ఆ వెలుగు పడనిచోట, హాలు మూలల్లో, భోజనాల గది గుమ్మం దగ్గర, పెళ్ళికూతురి గదిలో బోలెడంతమంది ఆడవాళ్ళు ఉంటారు. ఆ పెళ్ళి జరిగిందే వాళ్ళ రెక్కల కష్టం మీద. వాళ్ళని ఉన్న వెలుతురులోనే, ఉన్నవాళ్ళని ఉన్నట్టుగా తీయడం స్నేహితురాళ్ళుగా మన వంతు అని నా అభిప్రాయం.

ఆల్బమ్‌లో ఎవరుంటారు?

ఈ మధ్య మీరు చూసిన పెళ్ళి ఆల్బమ్ ఏదైనా ఒక్కసారి గుర్తుచేసుకోండి. వధూవరులు సరే. అబ్బాయి ఆఫీసులో పైఅధికారి ఉంటాడు. ఊళ్ళో పెద్దమనుషులు ఉంటారు. ఎవరో తెలియని కుటుంబాలు కూడా వరసగా నిలబడి ఉంటాయి. అమ్మాయిని కన్నతల్లి? ‘ఫ్యామిలీ ఫోటో’ అని పిలిచినప్పుడు చెంగుతో ముఖం తుడుచుకుంటూ పరుగున వచ్చి నిలబడ్డది ఒకటో రెండో. ఆ వెంటనే వియ్యాలవారికి భోజనాలు అందాయో లేదో చూసుకోవడానికి వెళ్ళిపోయి ఉంటుంది. కట్నాల కవర్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు కుర్చీలోంచి లేవని పిన్ని ఎక్కడా ఉండదు. చీర కుచ్చిళ్ళు సర్ది, నోట్లో పిన్నీసులు పట్టుకుని అలంకారమంతా చేసిన స్నేహితురాలు ఉండదు. కూలరు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని కళ్ళు చిట్లించి గుర్తుపట్టే అమ్మమ్మ ఉండదు.

ఇందులో ఫోటోగ్రాఫర్ తప్పేమీ లేదండీ. లెక్క వేసి చూడండి. రిసెప్షన్‌కి రెండు వందల కుటుంబాలు వచ్చాయనుకుందాం. ఒక్కో కుటుంబం వేదిక ఎక్కి, కానుక ఇచ్చి, అటూ ఇటూ సర్దుకుని, ఫోటో దిగి, వేదిక దిగడానికి అర నిమిషం వేసుకున్నా వంద నిమిషాలు పోతాయి. మధ్యలో మన పిల్లల అల్లరి, ‘ఇంకొక్కటి బాబూ’ అనడాలు వేరే. అంతసేపూ అతను అక్కడినించి కదలడానికి లేదు. ఒక్క కుటుంబం ఫోటో తప్పినా మర్నాడు మాట పడేది అతనే. పొద్దుట్నించీ కాళ్ళమీద నిలబడ్డ మనిషి, అతన్ని పోయి భోజనాల గది గుమ్మం దగ్గర పిన్నిని తియ్యమంటే ఎలా? ఆ పని అతని ఒప్పందంలో లేదు. అది మన స్నేహంలో ఉంది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2019 డిసెంబరులో విజయవాడలో మా స్నేహితురాలి రిసెప్షన్ జరిగింది. తల్లి ఉద్యోగం చేస్తూ ఊళ్ళు తిరుగుతుంటే ఆ అమ్మాయిని చిన్నప్పట్నించీ పెంచింది వాళ్ళ పెద్దమ్మ. భర్త పోయిన మనిషి. రిసెప్షన్లో ఆమె వేదిక దరిదాపులకి రాలేదు. భోజనాల గది గుమ్మం పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడి అక్కణ్ణుంచే పిల్లని చూసుకుంటోంది. నేను దగ్గరికెళ్ళి ‘పెద్దమ్మా, ఒక ఫోటో తీసుకుంటాను’ అంటే, ‘ఇక్కడ చీకటి కదమ్మా, ఏం పడతాను నేను? వాళ్ళని తియ్యి పో’ అంది. ‘పడతారు పెద్దమ్మా, కొంచెం ఇటు తిరగండి చాలు’ అన్నాను. గదిలోంచి వచ్చే ట్యూబులైటు వెలుతురు ఆమె చెంప మీద ఒక పక్కనించి మెత్తగా పడుతోంది. ఆమె తిరిగింది, తిరిగి మళ్ళీ వేదికకేసే చూసింది. మూడు ఫోటోలు తీశాను.

పది రోజుల తర్వాత ఆమె ఫోన్ చేయించి మరీ అడిగింది. ‘తల్లీ, ఆ ఫోటో కాయితం మీద వేయించి ఇస్తావా? ఆధార్ కార్డు మీదున్నది తప్ప నాకంటూ ఇంకో ఫోటో లేదు.’ ఆ మాట విన్నాక ఏం చెప్పాలో నాకు తోచలేదు. పెళ్ళి ఆల్బమ్ వచ్చాక చూస్తే నాలుగు వందల ఫోటోల్లో ఆమె ఒకే ఒక్కదాంట్లో ఉంది, అదీ ఎవరిదో భుజం వెనకాల సగం ముఖం. ఇప్పుడు మా స్నేహితురాలి ఇంట్లో గోడ మీద పెళ్ళి ఫోటో పక్కనే పెద్దమ్మ ఫోటో ఉంటుంది.

ఫోటో తీసినంత మాత్రాన ఆచారం మారిపోతుందని నేననను. పెంచిన తల్లిని చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాల్సింది పెళ్ళివారు. అది కెమెరాతో అయ్యే పని కాదు. కానీ పక్కకి తప్పుకున్న మనిషి ఆ రోజు అక్కడ ఉందని, ఆ పిల్లని కళ్ళారా చూసుకుందని చెప్పడానికి ఒక్క సాక్ష్యమైనా మిగలాలి కదా!

మనవాళ్ళు ముందే చేశారు

ఆడవాళ్ళ ఫోటోలు ఆడవాళ్ళే తీయాలన్న ఆలోచన కొత్తదేం కాదు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీలు పరాయి మగవాడి ఎదుట కూర్చోరు కాబట్టి అక్కడ ఫోటోలు తీసే బాధ్యత కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకి అప్పగించారు. ఆ తర్వాత మన దేశంలో తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న హోమాయ్ వ్యారావాలా 1940లలో చీర కట్టుకుని, బరువైన కెమెరా భుజాన వేసుకుని ఢిల్లీ అంతా తిరిగింది. మొదట్లో ఆమె తీసిన ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. అదే మనిషికి 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఇవన్నీ పెద్ద సంగతులు, మన ఫోను ఫోటోలకీ వీటికీ ఏం సంబంధం అంటారేమో. ఉంది. పెళ్ళికూతురి గదిలోకి ఫోటోగ్రాఫర్ తలుపు కొట్టి రావాలి, అలంకారం పూర్తయ్యాకే రావాలి. మనం లోపలే ఉంటాం. బరువైన నగలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఆ అమ్మాయి ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నప్పుడు, వాళ్ళమ్మ పక్కన కూర్చుని పాదాలు నొక్కుతున్నప్పుడు అక్కడ ఉండేది మనమే. ఆ చనువు ఏ కెమెరాకీ డబ్బిచ్చి కొనలేం.

ఫ్లాష్ అలవాటు ఎక్కడిది?

ఇంతకీ చీకటనగానే ఫ్లాష్ మీదకి చెయ్యి ఎందుకు పోతుంది? అది రీలు రోజుల అలవాటు. అప్పట్లో ఇళ్ళలో వాడింది ఎక్కువగా 100 ఏఎస్ఏ రీలు. పగటి ఎండకి సరిపోయేది తప్ప కల్యాణ మండపంలో రాత్రి వెలుతురు దానికి చాలదు. ఫ్లాష్ లేకపోతే ఫోటో పడేది కాదు, రీలుకి ఉన్నవి 36 ఫోటోలు, కడిగించేదాకా ఎలా వచ్చాయో తెలీదు. కాబట్టి ఆనాడు ఫ్లాష్ అవసరం. ఇవాళ చేతిలో ఉన్న మామూలు ఫోను కూడా ఆ రీలు కంటే ఎన్నో రెట్లు తక్కువ వెలుతురులో బొమ్మ పట్టగలదు. అవసరం పోయింది, అలవాటు మిగిలింది.

పైగా ఫోను ఫ్లాష్ వెలుగు దూరం పోదు. వెలుగుకి ఒక లెక్క ఉంది. దూరం రెండింతలైతే అందే వెలుగు నాలుగో వంతు అవుతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతు. మీటరు దూరంలో ఉన్న జడకి పడ్డ వెలుగులో నాలుగు మీటర్ల అవతలి పెళ్ళికూతురికి దక్కేది పదహారో వంతు. ముందువాళ్ళ జడలు వెలిగి ఆ అమ్మాయి నల్లబడటానికి కారణం ఇదే. దగ్గరగా కొడితే ఇంకో బాధ. చెమట పట్టిన నుదురు నూనె రాసినట్టు మెరుస్తుంది, జరీ తెల్లబోతుంది, కళ్ళజోళ్ళలో చుక్కలు పడతాయి. చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుని ఉంటుంది కాబట్టి, వెలుగు లోపలి నెత్తుటి పొర మీద పడి తిరిగొచ్చి కళ్ళు ఎర్రగా కనిపిస్తాయి. వీటన్నిటికీ మించి, ఫ్లాష్ పడగానే మనిషి బిగుసుకుపోతుంది. నవ్వుతున్నది ‘నవ్వు’తుంది. మనం తీయాలనుకున్నది ఆ బిగుసుకున్న ముఖాన్నా?

వెలుతురు వెతుక్కుందాం

మరి ఫ్లాష్ లేకుండా ఎలా? పెద్ద విద్యేమీ కాదు. వంటింట్లో పోపు ఎప్పుడు వెయ్యాలో తెలిసినవాళ్ళకి ఇది ఒక సాయంత్రం పని.

ముందుగా ఫోను వెనక ఉన్న లెన్సు తుడవండి. నవ్వకండి, సగం ఫోటోలు పొగమంచు పట్టినట్టు రావడానికి అదే కారణం. పసుపు, గంధం, జిడ్డు వేళ్ళు అన్నీ దానిమీదే. మెత్తటి నూలు చెంగుతో ఒకసారి తుడిస్తే చాలు.

తర్వాత వెలుతురు ఎక్కడుందో చూడండి. ఏ ఫంక్షన్ హాల్లోనైనా వేదిక కాకుండా నాలుగైదు మంచి చోట్లుంటాయి. భోజనాల గది గుమ్మం ఒకటి. పెళ్ళికూతురి గదిలో అద్దం ముందు ఒకటి. ఐస్‌క్రీము, చాట్ పెట్టే బల్లల దగ్గర వేలాడే దీపాలు. ముఖద్వారం బయట సీరియల్ బల్బుల వరసలు. తెల్లటి గోడ పక్కన నిలబడితే గోడ మీద పడ్డ వెలుతురు కూడా ముఖానికి వస్తుంది. నడినెత్తిన ఉన్న దీపం కింద మాత్రం ఎవర్నీ నిలబెట్టకండి. కళ్ళ కింద గుంటలు పడి ఇరవయ్యేళ్ళ పిల్ల కూడా జ్వరపడి లేచినట్టుంటుంది. ఒక్క రెండడుగులు పక్కకి జరిపి వెలుతురు పక్కనించి పడేలా చూడండి. దీపాన్ని మార్చలేం, మనిషిని తిప్పగలం.

జూమ్ చేయకండి, దగ్గరికి నడవండి. ఫోనులో రెండు మూడు లెన్సులున్నా తక్కువ వెలుతురులో మామూలుగా అన్నిటికంటే మెరుగ్గా పనిచేసేది 1 అని చూపించే మామూలు లెన్సే. సెల్ఫీ కెమెరా కంటే వెనక కెమెరా మేలు. తెర మీద ముఖాన్ని వేలితో తాకితే ఫోను ఆ ముఖానికి తగ్గట్టు వెలుతురు సర్దుకుంటుంది. వెనకాల ఎల్‌ఈడీ తెర వెలుగుతూ ముఖాలు నల్లగా కనిపిస్తుంటే ఇదే మందు. తాకినప్పుడు వచ్చే సూర్యుడి గుర్తుని కిందకి పైకి జరిపి వెలుగు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మోచేతులు పక్కలకి ఆనించి, స్తంభానికో కుర్చీకో చేరబడి, ఊపిరి ఒక్క క్షణం బిగబట్టి నొక్కండి. చెయ్యి కదలకపోతే సగం పని అయినట్టే.

నైట్ మోడ్ సంగతి తెలుసుకుని వాడాలి. అందులో ఫోను ఒకటి కాదు, కొన్ని క్షణాల పాటు వరసగా చాలా బొమ్మలు తీసి వాటిని కలుపుతుంది. కుర్చీలో కుదురుగా కూర్చున్న అమ్మమ్మకి అది చక్కగా పనికొస్తుంది. గంతులేసే పిల్లలకీ, పకపకా నవ్వే స్నేహితురాళ్ళకీ పనికిరాదు, ముఖాలు దయ్యాల్లా సాగిపోతాయి. వాళ్ళకి నైట్ మోడ్ ఆపేసి, కాస్త వెలుతురున్న చోటికి పిలిచి, నవ్వు ఆగే ఆ అరక్షణంలో నొక్కాలి.

ఇంట్లో పెద్ద కెమెరా ఉన్నవాళ్ళు దానితో వచ్చిన జూమ్ లెన్సుని ఇంట్లోనే వదిలేసి 50 ఎం.ఎం. 1.8 లెన్సు పట్టుకెళ్ళండి. జూమ్ లెన్సు పూర్తిగా సాగదీసినప్పుడు మామూలుగా 5.6 దగ్గర ఆగిపోతుంది. దానికంటే ఇది దాదాపు పదింతల వెలుతురు లోపలికి రానిస్తుంది. ఐఎస్ఓ 1600, 3200 దాకా పెంచడానికి భయపడకండి. ఫోటోలో కాస్త నలుసులు కనిపిస్తే ఏం? అలుక్కుపోయిన ముఖం కంటే నలుసులున్న నవ్వే నయం. నిలబడి మాట్లాడేవాళ్ళకి సెకనులో 60వ వంతు, కదిలేవాళ్ళకి 125వ వంతు వేగం పెట్టుకోండి. హాల్లో ఎల్‌ఈడీ దీపాల వల్ల ఫోటో మీద అడ్డంగా నల్ల చారలు పడుతుంటే వేగాన్ని 50వ వంతుకో 100వ వంతుకో మార్చండి. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దాంతో చాలా దీపాలు 100 సార్లు మిణుకుమంటాయి. ఆ లెక్కకి కుదిరితే చారలు చాలావరకు పోతాయి.

ఇక డీజే వాళ్ళ ఊదారంగు, నీలిరంగు లైట్ల కింద పసుపురంగు పట్టుచీర ఏ రంగులో వస్తుందో దేవుడికే తెలియాలి. అలాంటి ఫోటోని నలుపు తెలుపులోకి మార్చేయండి. పాత సినిమా చూసినట్టు హాయిగా ఉంటుంది.

చామనచాయకి ఏం తక్కువ?

తక్కువ వెలుతురు అనగానే ఫోను తనంతట తాను చేసే ఇంకో పని ఉంది. దీని మీద మనం కాస్త కోపం తెచ్చుకోవాలి. ముఖాన్ని నునుపు చేస్తుంది, రంగు తేలుస్తుంది. బ్యూటీ మోడ్ అని దానికి పేరు. కొన్ని ఫోన్లలో మనం అడక్కుండానే అది పని చేస్తుంటుంది. మేకప్పులో ఒకసారి తెల్లబడి, వేదిక దీపాల కింద రెండోసారి తెల్లబడి, మన ఫోన్లో మూడోసారి తెల్లబడేసరికి చామనచాయ పిల్ల కాస్తా పిండిబొమ్మ అయిపోతుంది. ఆ ఫోటో చూసి ‘ఎంత బాగుందో’ అని మెచ్చుకుంటే, అసలు పిల్ల బాగాలేదని చెప్పినట్టే కదా!

ఇది ఫోన్లతో పుట్టిన జబ్బు కాదు. కోడాక్ కంపెనీ 1950ల నుంచి చాలా ఏళ్ళపాటు ల్యాబులకి రంగులు సరిచూసుకునే కార్డులు పంపేది. ఆ కార్డు మీద ఉన్నది తెల్ల అమ్మాయి బొమ్మ. ఆమె పేరు మీద వాటిని షర్లీ కార్డులనే పిలిచేవారు. ఆ తెల్లదనం సరిగ్గా వస్తే ఫోటో సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లగా, చామనచాయగా ఉన్నవాళ్ళు ఎలా పడితే అలా పడేవారు. వాళ్ళని కూడా లెక్కలోకి తీసుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోను తెచ్చినప్పుడు, ముదురు చాయలు ఉన్నవి ఉన్నట్టు పడతాయని దాన్ని ఒక గొప్పగా చెప్పుకుంది. అంటే అప్పటిదాకా ఉన్నది ఉన్నట్టు పడటం మామూలు విషయం కాదన్నమాట!

కాబట్టి హాల్లోకి అడుగు పెట్టకముందే ఫోనులో ఆ బ్యూటీ మోడ్ ఉంటే ఆపేయండి. ముఖాన్ని తాకి, సూర్యుడి గుర్తుని ఒక్క వీసం కిందకి దించండి. చామనచాయ చర్మం మీద పక్కనించి వచ్చే పసుపుపచ్చటి దీపం వెలుగు ఎంత అందంగా ఉంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. చీకటి అంతా శత్రువు కాదు. ఫోటోలో కొంచెం నీడ ఉంటేనే ముఖానికి రూపం వస్తుంది.

అడిగి తీద్దాం, చూపించి పంపుదాం

తీయడం ఎంత ముఖ్యమో తీయకపోవడం కూడా అంత ముఖ్యం. భోజనం చేస్తున్నవాళ్ళని, చంటిపిల్లకి పాలిస్తున్న తల్లిని, పైట సర్దుకుంటున్న మనిషిని, ఎక్కడో మూల కళ్ళు తుడుచుకుంటున్న అక్కని తీసే హక్కు స్నేహం పేరుతో కూడా మనకి రాదు. ‘ఒకటి తీసుకోనా?’ అని అడిగితే పోయేదేం లేదు. మాటతో కుదరకపోతే ఫోను చూపించి కళ్ళతో అడగండి. వద్దని తల ఊపితే అక్కడితో సరి.

తీశాక వాట్సాప్ గ్రూపులో గుమ్మరించడం మరో దుర్గుణం. పెళ్ళికూతురు ఇంకా వేదిక దిగకుండానే ఆమె ఫోటోలు ఆమెకి తెలియని మూడు వందల మంది చూసేస్తున్నారు. ముందు ఆ ఫోటోలో ఉన్న మనిషికి చూపించండి. ఆమెకి నచ్చితే ఆమెకి పంపండి. గ్రూపులో పెట్టాలో వద్దో ఆమె ఇష్టం. పెళ్ళికూతురి ఫోటోలైతే ఆమె సర్దుకున్నాక వారం తర్వాత పంపినా కొంప మునగదు. అత్తారింట్లో మొదటివారం బిక్కుబిక్కుమంటున్నప్పుడు అమ్మ ఫోటో ఫోనులోకి వస్తే ఆ పిల్లకి ఎంత ఓదార్పో ఆలోచించండి.

ఫోటోగ్రాఫర్‌కి, వీడియో అబ్బాయికి అడ్డం వెళ్ళకండి. వాళ్ళ లైటు పక్కకి తిరిగినప్పుడు అది ఎవరి ముఖం మీద పడుతోందో చూసుకుంటే, డబ్బులు పెట్టకుండా మనకీ వెలుతురు దొరుకుతుంది.

పెళ్ళికొచ్చి ఆనందించక ఈ తిప్పలన్నీ ఎందుకు అనేవాళ్ళు కొందరుంటారు. న్యాయమైన మాటే. సాయంత్రమంతా ఫోను కళ్ళకి అడ్డం పెట్టుకుంటే పెళ్ళి చూసినట్టు కాదు. అందుకే రీలు రోజుల్ని గుర్తుపెట్టుకుందాం. ఫోనులో వెయ్యి పట్టినా మనకి మనమే 36 అని హద్దు పెట్టుకుందాం. ఇంకా చేతనైతే పది. లెక్క ఉన్నప్పుడు చూపు నిలుస్తుంది, ఏది తీయాలో మనసు ముందే చెబుతుంది. తీసేసి ఫోను సంచిలో పెట్టి హాయిగా కబుర్లు చెప్పుకోవచ్చు.

ఇంకొక్క మాట. ఆ పదిలో మంచివి రెండో మూడో పోస్టుకార్డు సైజులో కాయితం మీద వేయించండి. ఫోను పోతుంది, పాడవుతుంది, కొత్తది కొన్నాక పాతవి వెతికేవాళ్ళుండరు. కాయితం మీది ఫోటో బీరువాలో చీరల మధ్యనైనా ఉంటుంది. వెనకాల తేదీ, ఊరు, అందులో ఉన్నవాళ్ళ పేర్లు రాయండి. ‘పెళ్ళికూతురి పిన్ని’ అని కాదు, ఆమె పేరు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరో మనవరాలు తిప్పి చూసినప్పుడు ఆ పేరు ఆమెకి అక్కడే దొరకాలి.

ఈ మాఘమాసంలోనో, వచ్చే వైశాఖంలోనో మీకూ ఒక శుభలేఖ వస్తుంది. వెళ్ళండి, అక్షింతలు వేయండి, అందరితో పాటు వేదిక ఎక్కి ఒక ఫోటో దిగండి. దిగొచ్చాక ఒక్కసారి వేదికకి వీపు పెట్టి హాలు వంక చూడండి. పెళ్ళికూతురి అమ్మ ఎక్కడుందో వెతకండి. ఎక్కడో ఒకచోట, ఏదో ఒక చిన్న దీపం కింద, తాళాలగుత్తి చేత్తో పట్టుకుని నిలబడే ఉంటుంది. మొదటి ఫోటో ఆమెది తీయండి. ఫ్లాష్ మాత్రం వద్దు, ఏమంటారు?